గడియారం పట్టీ కింద స్కేలు

పూర్ణా మార్కెట్ వెనక పాత ఇనుము కొట్లో
కాటాలో పడబోతుంటే నేనే ఆపాను:
ఏడో నంబరు గోల్ఫు కర్ర.
మొహమంతా గీతలు, పిడి మీద ఎవరిదో బొటనవేలి గుంట.
రెండొందల యాభై ఇచ్చి, బస్సులో
గొడుగులా ఒళ్ళో పెట్టుకుని ఆరిలోవ తెచ్చాను.

ఇరవై రెండేళ్ళుగా ఓడల పొట్టలు అతికేవాణ్ణి,
మణికట్టు గురించి నాకొకడు చెప్పాలా అనుకున్నాను.

కొండవార ఖాళీ స్థలం. డ్యూటీకి ముందు, ఆరింటికి.
మొదటి దెబ్బకి మట్టి లేచింది, బంతి లేవలేదు.
రెండో దెబ్బకి బంతి కాకిలా పక్కకి గెంతి
ముళ్ళకంపలో దూరింది.
మూడోది గాలికి తగిలింది.
గేదెని తోలుకెళ్తున్న ముసలామె ఆగి
"ఏటి సంపుతున్నావు బాబూ, పామా?" అంది.

దాలయ్యది మా వీధే. ముడసర్లోవ మైదానంలో
ముప్పై ఏళ్ళుగా పెద్దవాళ్ళ సంచులు మోస్తాడు.
సొంతానికి ఒక్క కర్రా లేదు.
పిట్టగోడ మీద కూచుని, చుట్ట ఆరేదాకా చూసి, దిగొచ్చాడు.

"జీడిపండు తెలుసు కదా? అలగ పట్టుకో.
జారిపోకూడదు, రసం కారకూడదు.
కారిందా, సొక్కా మీద మరక సచ్చినా పోదు."

తర్వాత నా ఎడమ మణికట్టు పట్టుకుని
తలుపు బందులా అటూ ఇటూ ఆడించి చూశాడు.
"ఇదీ దొంగ. బంతి దగ్గరకొచ్చీసరికి
గరిటెలాగ ఎత్తేస్తంది.
నువ్వు లేపక్కర్నేదు. కిందకి కొట్టు.
లేవడం దాని పని."

మా యోషిత జామెట్రీ పెట్టెలోంచి స్కేలు తీసి
గడియారం పట్టీ కిందికి దూర్చాను.
మణికట్టు వెనక్కి విరిగితే చాలు,
చేతి వెనకాల పొడుస్తుంది.

నడుం నుంచి నడుం దాకా, అంతే.
పై ఊపు లేదు, బలం లేదు, దూరం లేదు.
రోజుకి నలభై. కొన్నాళ్ళు బంతే లేకుండా
గడ్డిపరక నెత్తిని తాకించడం.
జూలై పోయింది. ఆగస్టు వానలకి స్థలం బురదైతే
మేడ మీద పాత గోనెపట్టా పరుచుకున్నాను.
కింద అద్దెకున్నవాళ్ళు
"పొద్దున్నే ఏం దంచుతున్నారండీ" అని అడిగారు.

స్కేలు పొడిచేది. ఆగేవాణ్ణి. మళ్ళీ నడుం నుంచి.
ఒకనాడు నలభైలో ముప్పై తొమ్మిదిసార్లు పొడిచింది.
ఆ రోజు యార్డులో ఎవరితోనూ మాట్లాడలేదు.

కొత్తగా చేరిన కుర్రాడు గౌరీసు
రాడ్డుని ఇనుములోకి తోసేస్తున్నాడు,
తోసినప్పుడల్లా అతుక్కుపోతోంది.
"తొయ్యకురా. ఎడం మాత్రం నిలుపు.
కరగడం దాని పని" అన్నాను.
అని, ముసుగు పైకెత్తి,
నా నోట్లోంచి ఊడిపడ్డ మాటని కాసేపు చూశాను.
రేకు మీద ఇంకా ఎర్రగానే ఉంది.

వినాయకుడి పందిళ్ళు విప్పేసిన వారం.
కంబాలకొండ వైపు నెమలి ఒకటే అరుపు.
సముద్రం గాలి ఇంకా లేవలేదు.
ఇరవై మూడోదో, ఇరవై నాలుగోదో,
చేతికి ఏమీ తెలియలేదు.
అదే వింత, తగిలినట్టే లేదు.
చప్పుడు మాత్రం వచ్చింది, పొట్టిగా, పొడిగా,
కాల్చిన జీడిగింజ ఒక్క పోటుకి పగిలినట్టు.
తలెత్తేసరికి బంతి తాటిచెట్టు దాటి
ఇంకా పైకే పోతోంది, నాతో పని లేనట్టు.
బంతి ఉన్న చోటు దాటాక, ఇవతల కాదు,
అరచేతంత పెళ్ళ లేచి పడింది,
తడిగా, వేళ్ళతో సహా.

గోడ వైపు చూశాను. దాలయ్య లేడు.
ఆదివారం కదా, సంచుల రోజు.
గేదె ఉంది. అది చూడలేదు.

నలభై పూర్తి చేశాను. మిగతావన్నీ మట్టే.

ఆ రాత్రి యోషిత లెక్కల పుస్తకంతో వచ్చింది.
"నాన్నా, నా స్కేలు ఏం చేశావు?
సరళరేఖ గీస్తే వంగుతోంది."
లైటు కింద పెట్టి చూశాను. నిజమే,
ఆరో సెంటీమీటరు దగ్గర సన్నగా విల్లు.
కొత్తది కొనిస్తానన్నాను.
పాతది చొక్కా జేబులో పెట్టుకున్నాను,
సోమవారం ఆరింటికి.